లారీ ఇంజిన్‌లో ‘టిక్‌ టిక్‌’... విప్పే ముందు వినండి!

* శబ్దం వేగాన్ని బట్టి లోపం ఆచూకీ
* మొదట చూడాల్సింది ఆయిల్‌.. తర్వాతే పానా
* ఐటీ కారిడార్‌లో తిరిగే పాత బండ్లకు మరింత జాగ్రత్త అవసరం

హైటెక్‌ సిటీ: రాత్రి పొద్దుపోయాక సైబరాబాద్‌ ఐటీ కారిడార్‌ రహదారులు లారీల పరమవుతాయి. పగటిపూట భారీ వాహనాల రాకపోకలపై ఆంక్షలు ఉండటంతో కంకర, ఇసుక, మట్టి మోసే టిప్పర్లు, కాంక్రీటు మిక్సర్లు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దారుల్లో రాత్రివేళే ఎక్కువగా కదులుతాయి. పగటి రొదలో వినిపించని చిన్న శబ్దం కూడా ఆ నిశ్శబ్దంలో అద్దాల భవనాల గోడలకు తగిలి డ్రైవరు చెవికే తిరిగి చేరుతుంది. ‘టిక్‌.. టిక్‌.. టిక్‌’ మంటూ ఇంజిన్‌లోంచి వచ్చే ఆ చప్పుడు పాత బండి యజమానికి కంటిమీద కునుకు లేకుండా చేస్తుంది.

ఈ శబ్దం విషయంలో సాధారణంగా రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. పాత బండికి ఇది మామూలేనని వదిలేయడం మొదటిది. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండానే ఇంజిన్‌ను విప్పి, బోరు పని మొదలుపెట్టడం రెండోది. మొదటి పొరపాటుతో కనెక్టింగ్‌ రాడ్డు విరిగి ఇంజిన్‌ బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు. రెండో పొరపాటుతో టాపెట్లు సరిచేసుకుంటే కొన్ని వందల రూపాయలతో తీరిపోయే పనికి లక్ష రూపాయల దాకా వదిలించుకోవాల్సి రావచ్చు. సొంతంగా ఒక్క బండి పెట్టుకుని, నెలనెలా వాయిదాలు కట్టుకునే కుటుంబానికి ఈ రెండూ భరించరాని దెబ్బలే. శబ్దానికి కారణం కనుక్కోవడానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమంలో తొలి పరీక్షలకు ఖర్చేమీ లేదు. చెవి, గడియారం, కాస్త ఓపిక ఉంటే చాలు.

పాత ఇంజిన్లు.. చెప్పే ఇంజిన్లు

మన రహదారులపై ఇప్పటికీ తిరుగుతున్న పాత లారీల్లో అధిక భాగం టాటా, అశోక్‌ లేలాండ్‌ సంస్థలవే. టాటా (అప్పటి టెల్కో) జర్మనీకి చెందిన డైమ్లర్‌-బెంజ్‌ సాంకేతిక సహకారంతో 1954లో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ఆరంభించింది. 1969లో ఆ ఒప్పందం ముగిసినా, ఆ వంశానికి చెందిన ఇంజిన్లు దశాబ్దాలపాటు కొనసాగాయి. వాటిలో ‘697’ పేరు తెలియని లారీ మెకానిక్‌ ఉండరు. ఆ అంకెల్లోనే ఇంజిన్‌ స్వరూపం ఉంది. ఆరు సిలిండర్లు, ఒక్కోదాని వ్యాసం 97 మిల్లీమీటర్లు, మొత్తం సామర్థ్యం 5,675 సీసీ. ‘407’ వంటి చిన్న బండ్లలో వచ్చిన ‘497’కు నాలుగు సిలిండర్లు ఉంటాయి. టాటా, కమ్మిన్స్‌ కలిసి 1993లో నెలకొల్పిన సంస్థ నుంచి వచ్చిన ‘6బీటీ’ రకం ఇంజిన్లు తర్వాతి తరం టిప్పర్లలో విరివిగా కనిపిస్తాయి. అశోక్‌ లేలాండ్‌ 1980వ దశకంలో జపాన్‌కు చెందిన హినో సహకారంతో తన ఇంజిన్లను నవీకరించుకుంది.

వీటన్నిటి అమరిక దాదాపు ఒకే తీరు. క్రాంక్‌ షాఫ్ట్‌ తిరిగితే, పళ్ల చక్రాల ద్వారా క్యామ్‌ షాఫ్ట్‌ తిరుగుతుంది. క్యామ్‌ షాఫ్ట్‌పై ఉన్న గుబ్బలు టాపెట్‌ను, అది పుష్‌ రాడ్డును, అది పైనున్న రాకర్‌ ఆర్మ్‌ను నెడతాయి. రాకర్‌ మరో కొస వాల్వును నొక్కి తెరుస్తుంది. ఈ గొలుసులో ఇనుముకు, ఇనుముకు మధ్య ఒకచోట ఉద్దేశపూర్వకంగా చిన్న సందు ఉంచుతారు. వేడికి లోహం సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోవడానికి ఆ సందు అవసరం. అంటే, పాత డీజిల్‌ ఇంజిన్‌లో కొద్దిపాటి టిక్‌ టిక్‌ సహజమే. నిన్న లేని శబ్దం ఈరోజు మొదలైందా, ఉన్న శబ్దం పెరిగిందా, ఒకే సిలిండరు వైపు నుంచి వస్తోందా అన్నదే గమనించాల్సిన విషయం.

ముందు ఆయిల్‌ చూడాలి

శబ్దం వినగానే మొదట చూడాల్సింది ఆయిల్‌ ప్రెషర్‌ గేజిని. ముల్లు అడుగుకు పడిపోయినా, ఎర్ర దీపం వెలిగినా బండిని వెంటనే రహదారి ఎడమ పక్కకు తీసి, ఇంజిన్‌ ఆపేయాలి. మరో రెండు కిలోమీటర్లు వెళితే షెడ్డు వస్తుందన్న ఆశతో నడపడం ఇంజిన్‌ను చేజేతులా పాడు చేసుకోవడమే. ఉదాహరణకు కమ్మిన్స్‌ 6బీటీ ఇంజిన్‌లో వేడెక్కాక నిలకడ వేగంలో కనీసం 0.7 బార్‌, పూర్తి వేగంలో కనీసం 2.07 బార్‌ ఒత్తిడి ఉండాలి. మిగిలిన ఇంజిన్లకు వాటి పుస్తకంలో ఇచ్చిన అంకెలే ప్రమాణం.

గేజి సరిగానే ఉంటే, ఇంజిన్‌ ఆపి 10 నిమిషాలు ఆగాక, సమతలంలో డిప్‌స్టిక్‌ తీసి చూడాలి. ఆయిల్‌ తక్కువగా ఉంటే పైన ఉండే రాకర్లకు సరిగా అందక టిక్‌ టిక్‌ మొదలవుతుంది. తగినంత పోయగానే శబ్దం తగ్గితే సగం సమస్య తీరినట్లే. అయితే ఆ ఆయిల్‌ ఎటు పోయిందన్నది మిగిలిన సగం.

ఆయిల్‌ మట్టం తగ్గడమే కాదు, పెరగడం కూడా ప్రమాద సంకేతమే. నాజిల్‌ కారడం వల్లనో, డీజిల్‌ పంపు సీలు పాడవడం వల్లనో డీజిల్‌ వెళ్లి ఆయిల్‌లో కలిస్తే మట్టం పెరుగుతుంది. ఆయిల్‌ పలుచనై, వేళ్ల మధ్య రుద్దితే జిగురు ఉండదు. డీజిల్‌ వాసన వస్తుంది. ఆయిల్‌ మజ్జిగ రంగులోకి మారితే నీరు చేరిందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ ఆయిల్‌ మార్చడంతో సరిపెట్టకుండా మూలకారణాన్ని వెతకాలి. పలుచబడిన ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు త్వరగా అరిగిపోతాయి.

లెక్కపెడితే దారి దొరుకుతుంది

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్‌ షాఫ్ట్‌ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌ షాఫ్ట్‌ ఒక్క చుట్టు తిరుగుతుంది. ప్రతి వాల్వు ఆ రెండు చుట్లకు ఒక్కసారే తెరుచుకుంటుంది. నాజిల్‌ కూడా ఒక్కసారే డీజిల్‌ చిమ్ముతుంది. శబ్ద నిర్ధారణకు ఈ లెక్కే పునాది.

నిలకడ వేగంలో ఇంజిన్‌ నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకుంటే, క్రాంక్‌ షాఫ్ట్‌ సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది. ఒక్క వాల్వు సెకనుకు 5 సార్లు తెరుచుకుంటుంది. కాబట్టి సెకనుకు 5 సార్లు వినిపించే టిక్‌ టిక్‌ అయితే వాల్వుల వైపు, నాజిళ్ల వైపు, పొగ గొట్టం జాయింటు వైపు అనుమానం మళ్లాలి. సెకనుకు 10 సార్లు వినిపిస్తే క్రాంక్‌ షాఫ్ట్‌తో పాటు తిరిగే ముందరి పుల్లీ, ఫ్లైవీలు, కింది బేరింగులను పరిశీలించాలి.

సెకనుకు 5, 10 అంటే మామూలుగా చెవికి లెక్క తేలదు. ఇక్కడే చేతిలోని ఫోను అక్కరకొస్తుంది. బండిని నిలకడ వేగంలో ఉంచి 10 సెకన్లు వీడియో తీసి, దాన్ని పావు వేగంతో నడిపిస్తే సెకనుకు 5 దెబ్బలు కాస్తా సెకనుకు ఒకటింబావుగా మారతాయి. అప్పుడు లెక్క సులువు. ఇంజిన్‌ వేగం కచ్చితంగా తెలియాలంటే మెకానిక్‌ దగ్గర ఉండే చేతి టాకోమీటరుతో పుల్లీ వద్ద చూసుకోవచ్చు. ఈ లెక్క ఒక్కటే తుది తీర్పు కాదు. రాడ్డు బేరింగు దెబ్బ కూడా కొన్నిసార్లు డీజిల్‌ మండిన స్ట్రోకులోనే గట్టిగా వినిపించి, సగం వేగంలో ఉన్నట్లు భ్రమ కలిగిస్తుంది. అనుమానితుల జాబితాను సగానికి తగ్గించడమే ఈ పరీక్ష చేసే మేలు.

చల్లగా ఉన్నప్పుడా.. వేడెక్కాకా?

తెల్లవారుజామున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఉన్న శబ్దం, ఇంజిన్‌ వేడెక్కాక ఏమవుతోందో గమనించడం మరో ఉచిత పరీక్ష.

* చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్‌ మానిఫోల్డ్‌ గ్యాస్కెట్‌ కారుతుండవచ్చు. వేడికి లోహం సాగి సందు మూసుకోవడంతో శబ్దం తగ్గుతుంది. అరిగిన సిలిండరులో పిస్టన్‌ గోడకు తగిలే చప్పుడు కూడా ఇలాగే వేడితో తగ్గుతుంది.
* చల్లగా ఉన్నప్పుడు లేకుండా, వేడెక్కాక మొదలైతే, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే బేరింగులను అనుమానించాలి. వేడికి ఆయిల్‌ పలుచబడి, అరిగిన బేరింగు సందును నింపలేకపోతుంది.
* చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా మార్పు లేకుండా, ఇంజిన్‌ వేగంతో పాటే పెరుగుతూ తగ్గుతూ పైభాగం నుంచి వినిపిస్తే టాపెట్ల వైపు చూడాలి.

ఇంజిన్‌ బయటి దొంగలు

శబ్దం ఇంజిన్‌ లోపలిదేనని తీర్మానించే ముందు, దానికి అంటుకుని ఉన్న పరికరాలను ఒక్కొక్కటిగా తప్పించి చూడాలి. భారీ వాహనాల్లో మొదట అనుమానించాల్సింది బ్రేకుల గాలిని నింపే ఎయిర్‌ కంప్రెసర్‌ను. దానికీ సొంత పిస్టను, వాల్వులు ఉంటాయి. ట్యాంకు నిండేదాకా శబ్దం వచ్చి, నిండి గాలి బయటికి వదిలిన వెంటనే శబ్దం తగ్గినా, మారినా లోపం కంప్రెసర్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. బ్రేకు పెడలును కొన్నిసార్లు తొక్కి, గాలి తగ్గించి మళ్లీ పరీక్షిస్తే నిర్ధారణ అవుతుంది. ఈ పరీక్షను బండి చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాకే చేయాలి.

తర్వాత బెల్టు. ఇంజిన్‌ ఆపి, ఫ్యాన్‌ బెల్టు తీసి, ఒక నిమిషం లోపు మాత్రమే నడిపి చూడాలి. శబ్దం పోతే ఆల్టర్నేటర్‌, వాటర్‌ పంపు, ఫ్యాన్‌లలో ఏదో ఒకటి కారణం. బెల్టు లేకుండా ఎక్కువసేపు నడిపితే ఇంజిన్‌ వేడెక్కి కొత్త సమస్య వస్తుంది. క్లచ్‌ పెడలు తొక్కినప్పుడు శబ్దంలో మార్పు వస్తే క్లచ్‌, ఫ్లైవీలు వైపు పరిశీలన సాగించాలి.

మానిఫోల్డ్‌ కారుతున్న చోట నల్లని మసి చారలు కనిపిస్తాయి. విరిగిన స్టడ్డు, వదులైన నట్టు ఉన్నాయేమో చూడాలి. నాజిల్‌ అడుగున ఉండే రాగి వాషరు దెబ్బతిన్నా గాలి ‘చుఫ్‌ చుఫ్‌’ మంటూ బయటికి తన్నుతుంది. నాజిల్‌ చుట్టూ గట్టి బొగ్గు పేరుకోవడం దాని ఆనవాలు.

శబ్దం వచ్చే చోటును వెతకడానికి మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్‌కు, పిడిని చెవి దగ్గరి ఎముకకు ఆనించి వింటారు. వైద్యుల స్టెతస్కోప్‌ తరహాలో మెకానిక్‌ల కోసం తయారైనవీ బజారులో దొరుకుతాయి. వినే ముందు తలకు చుట్టిన తువ్వాలు, మెడలోని కండువా, వేలాడే చొక్కా చేతులు తప్పనిసరిగా సర్దుకోవాలి. తిరుగుతున్న ఫ్యాన్‌ దగ్గర క్షణకాలం ఏమరుపాటు కూడా ప్రాణాంతకం.

ఒక్కో సిలిండరును మాన్పించి చూస్తే..

ఇప్పటికి శబ్దం ఇంజిన్‌దేనని తేలితే, ఏ సిలిండరుదో కనుక్కోవాలి. డీజిల్‌ను యాంత్రికంగా పంపే పాత పంపులున్న ఇంజిన్లలో (మెకానిక్‌లు ‘మైకో పంపు’ అని పిలిచేవి ఇవే) దీనికి తేలికైన మార్గం ఉంది. నిలకడ వేగంలో ఒక్కో నాజిల్‌కు వెళ్లే గొట్టం నట్టును కొద్దిగా వదులు చేస్తే ఆ సిలిండరుకు డీజిల్‌ అందదు. ఆ క్షణంలో శబ్దం ఏమైందో విని, మళ్లీ బిగించి, తర్వాతి సిలిండరుకు వెళ్లాలి.

* ఒక సిలిండరును మాన్పించగానే శబ్దం తగ్గితే ఆ సిలిండరు నాజిల్‌, పిస్టన్‌, రాడ్డు బేరింగు, ఎగ్జాస్ట్‌ జాయింటులలో లోపం ఉంటుంది. మండే ఒత్తిడి పోవడం వల్లే శబ్దం తగ్గింది.
* ఆరింటినీ ఒక్కొక్కటిగా మాన్పించినా శబ్దంలో మార్పు లేకపోతే అది వాల్వుల యంత్రాంగానిది. డీజిల్‌ మండినా, మండకున్నా రాకర్లు మాత్రం కొట్టుకుంటూనే ఉంటాయి.

ముందు చెప్పిన లెక్క, ఈ పరీక్ష కలిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది. ఇంతవరకు ఇంజిన్‌ హెడ్డు విప్పాల్సిన పనే రాలేదు.

అయితే ఈ పరీక్ష అనుభవమున్న మెకానిక్‌ మాత్రమే చేయాలి. గొట్టంలోని డీజిల్‌ వందల బార్‌ ఒత్తిడితో ఉంటుంది. సన్నని ధారగా చర్మానికి తగిలితే సూదిలా లోపలికి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించే ఆ గాయానికి అత్యవసర శస్త్రచికిత్స అవసరమవుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి, నట్టుపై మందపాటి గుడ్డ కప్పాలి, చేయి అడ్డం పెట్టరాదు.

కామన్‌ రైల్‌ ఇంజిన్లపై ఈ ప్రయోగం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. బీఎస్‌-4 ప్రమాణాలు హైదరాబాద్‌ సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌ నుంచి, దేశమంతటా 2017 ఏప్రిల్‌ నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తరం బండ్లలో డీజిల్‌ ఒత్తిడి వేయి బార్‌ దాటుతుంది. నాజిళ్లకు విద్యుత్‌ తీగలు, అన్నిటికీ కలిపి ఒకే మందపాటి గొట్టం కనిపిస్తే అది కామన్‌ రైల్‌. దానికి కంప్యూటరు స్కానరుతోనే సిలిండర్లను మాన్పించాలి.

టాపెట్ల సందు.. ఎక్కువైనా, తక్కువైనా

వాల్వుల యంత్రాంగమే కారణమని తేలితే టాపెట్ల సందును ఫీలర్‌ గేజితో కొలవాలి. వేర్వేరు మందాల్లో ఉండే పలుచని ఉక్కు రేకుల కట్ట ఇది. సందు ఎంత ఉండాలన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది. కమ్మిన్స్‌ 6బీటీలో చల్లగా ఉన్నప్పుడు గాలి లోపలికి వెళ్లే వాల్వుకు 0.25 మిల్లీమీటర్లు, పొగ బయటికి వెళ్లే వాల్వుకు 0.51 మిల్లీమీటర్లు. ఒక ఇంజిన్‌ కొలతను మరో ఇంజిన్‌కు వర్తింపజేయరాదు. చల్లగా ఉన్నప్పటి కొలతా, వేడిగా ఉన్నప్పటి కొలతా అన్నది కూడా పుస్తకంలో చూసుకోవాలి.

ఈ ఆరు సిలిండర్ల ఇంజిన్లలో డీజిల్‌ మండే వరుస 1-5-3-6-2-4. దీని ప్రకారం 1, 6 జంట. 5, 2 జంట. 3, 4 జంట. ఆరో సిలిండరులోని రెండు వాల్వులూ ఒకటి మూసుకుంటూ, మరొకటి తెరుచుకుంటూ ఊగుతున్న స్థితిలో ఇంజిన్‌ను చేత్తో తిప్పి ఆపితే, మొదటి సిలిండరు వాల్వులు రెండూ పూర్తిగా మూసి ఉంటాయి. అప్పుడు దాని సందును సరిచేయాలి. మిగిలిన జంటలకూ ఇదే పద్ధతి. రేకును లాగితే కొద్దిపాటి పట్టుతో జారాలి. లాక్‌ నట్టు బిగించాక మరోసారి కొలవడం మరువరాదు. బిగింపులో సందు మారిపోవడం సాధారణం.

ఒకే టాపెట్‌ సందు మిగిలిన వాటికన్నా బాగా ఎక్కువగా ఉంటే మరను తిప్పి సరిపెట్టి ఊరుకోకూడదు. అది ఎందుకు పెరిగిందో చూడాలి. పుష్‌ రాడ్డు వంగిందా? రాకర్‌ కొన గుంట పడిందా? రాకర్‌ షాఫ్ట్‌కు ఆయిల్‌ వచ్చే రంధ్రం మడ్డితో పూడిపోయిందా? క్యామ్‌ షాఫ్ట్‌ గుబ్బ అరిగిందా? పుష్‌ రాడ్డును అద్దం పలకపై దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. రాకర్‌ కొనలో గుంట ఉంటే ఫీలర్‌ గేజి రేకు ఆ గుంటపై నుంచి జారిపోయి అసలు సందును తక్కువగా చూపిస్తుంది. కొలత సరిగ్గా ఉన్నా శబ్దం ఆగకపోవడానికి తరచూ ఇదే కారణం.

శబ్దం అసలే వినిపించకూడదని టాపెట్లను బిగించేయమని కోరే యజమానులూ లేకపోలేదు. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. మూసుకున్నప్పుడు సీటుకు ఆనడం ద్వారానే వాల్వు తన వేడిని హెడ్డుకు అందిస్తుంది. సందు లేకపోతే వేడెక్కి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. మండే వాయువులు ఆ సన్నని చీలిక నుంచి దూసుకెళ్లి వాల్వు అంచును కాల్చేస్తాయి. వదులు టాపెట్‌ శబ్దం చేసి హెచ్చరిస్తుంది. బిగుసుకున్న టాపెట్‌ చప్పుడు లేకుండా ఇంజిన్‌ను తినేస్తుంది. అందుకే పాత ఇంజిన్‌ పూర్తిగా నిశ్శబ్దమైతే సంతోషించడానికి బదులు మరోసారి కొలిపించాలి.

లోతైన దెబ్బ అయితే..

టిక్‌ టిక్‌ అన్న పలుచని శబ్దం కాకుండా ‘టక్‌ టక్‌’ మని అడుగు నుంచి లోతుగా వినిపిస్తే విషయం తీవ్రమైనది. ఇంజిన్‌ను మధ్య వేగానికి తెచ్చి, ఒక్కసారిగా యాక్సిలరేటరు వదిలినప్పుడు ఆ దెబ్బలు స్పష్టమైతే, ఒక సిలిండరును మాన్పించగానే తగ్గితే రాడ్డు బేరింగు అరిగిందని బలంగా అనుమానించాలి. ఆ బండిని సొంతంగా నడుపుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లరాదు. లాగించుకుని వెళ్లాలి.

సంప్‌ విప్పే ముందు ఆయిల్‌ ఫిల్టరును కోసి, లోపలి మడత కాగితాన్ని పరిచి చూడటం మంచి పద్ధతి. మెరిసే రేణువులుంటే అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకునేవి ఇనుము, ఉక్కు రజను. అంటే క్యామ్‌ షాఫ్ట్‌, టాపెట్లు, రింగుల వంటి భాగాల అరుగుదల. అంటుకోకుండా రాగి రంగులోనో, వెండిలానో మెరిసేవి బేరింగు పూతకు చెందినవి కావచ్చు. అయస్కాంతానికి ఏదీ అంటలేదు కాబట్టి భయం లేదనుకోవడం తప్పు. పిస్టన్‌ అల్యూమినియం కూడా అయస్కాంతానికి అంటదు.

బేరింగు షెల్సు మార్చాల్సి వచ్చినప్పుడు క్రాంక్‌ షాఫ్ట్‌ మెడను మైక్రోమీటరుతో కొలిపించాలి. గుండ్రదనం తప్పిన మెడపై కొత్త షెల్సు వేస్తే కొద్ది రోజుల్లోనే పాత శబ్దం తిరిగి వస్తుంది.

ఇక్కడి బండ్లకే ఎందుకిలా?

1998 నవంబరులో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైనప్పుడు మాదాపూర్‌ చుట్టూ రాళ్ల గుట్టలే కనిపించేవి. ఆ తర్వాతి కాలంలో గుట్టలు తొలిచి, పునాదులు తవ్వి, అంతస్తులు లేపిన ప్రతి చోటా లారీ శ్రమ ఉంది. ఆ రాతి ధూళే ఇంజిన్‌కు శత్రువు. గ్రానైట్‌లో ఉండే స్ఫటికపు రేణువులు ఇంజిన్‌ లోపలి లోహాల్లో చాలా వాటికన్నా గట్టివి. ఎయిర్‌ ఫిల్టరుకు చిన్న చిరుగున్నా, గొట్టం క్లిప్పు వదులైనా ఆ ధూళి సిలిండరులోకి చేరి రింగులను, గోడలను అరగదీస్తుంది. అక్కడి నుంచి ఆయిల్‌లోకి దిగి బేరింగులను గీస్తుంది. పనిచోట ఫిల్టరును గాలితో ఊది మళ్లీ పెట్టేటప్పుడు కాగితం చిరిగిందేమో వెలుతురుకు పట్టి చూసుకోవాలి.

రెండోది నిలబడి నడిచే గంటల లెక్క. నీటి ట్యాంకరు అపార్ట్‌మెంటు సంపు నింపేటప్పుడు ఇంజిన్‌తోనే మోటారు నడుస్తుంది. కాంక్రీటు మిక్సరు ట్రాఫిక్‌లో ఆగినా డ్రమ్ము తిరుగుతూనే ఉండాలి. 2024 వేసవిలో ఐటీ కారిడార్‌లో నీటి ఎద్దడి తలెత్తినప్పుడు ట్యాంకర్లకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఇలా నడిచిన గంటలేవీ కిలోమీటర్ల మీటరులో నమోదు కావు. ఒక గంట నిలబడి నడిచిన ఇంజిన్‌ను సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణంతో సమానంగా లెక్కించడం వాహన రంగంలో వాడుక. ఆ ప్రకారం రోజుకు 4 గంటల చొప్పున నెలకు 25 రోజులు నిలబడి పనిచేసిన బండి, మీటరులో కనిపించని 4,000 కిలోమీటర్లు తిరిగినట్లే. కిలోమీటర్లు చూసి ఆయిల్‌ మార్చే యజమాని ఈ లెక్కను కలుపుకోకపోతే, గడువు దాటిన ఆయిల్‌తోనే ఇంజిన్‌ నడుస్తుంది. రాకర్లకు ఆయిల్‌ అందించే సన్నని దారులు మడ్డితో పూడిపోవడానికి ఇదే ఆరంభం.

షెడ్డుకు వెళ్లేటప్పుడు..

‘ఇంజిన్‌లో సౌండు వస్తోంది’ అని మాత్రమే చెబితే మెకానిక్‌ అంచనాతో మొదలుపెట్టాల్సి వస్తుంది. కింది వివరాలు ఒక కాగితంపై రాసుకుని, ఫోనులో తీసిన వీడియోతో సహా చూపిస్తే సగం శ్రమ, సగం ఖర్చు ఆదా అవుతాయి.

* శబ్దం ఏ రోజు మొదలైంది? అంతకు ముందు ఏ పని చేయించారు?
* చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బరువుతో ఎక్కువా, ఖాళీగా ఎక్కువా?
* ఆయిల్‌ ఎప్పుడు మార్చారు? ఏ రకం పోశారు? మధ్యలో ఎన్ని లీటర్లు కలిపారు?
* గేజి ముల్లు నిలకడలో ఎక్కడుంది? పరుగులో ఎక్కడుంది?
* గాలి ట్యాంకు నిండాక శబ్దం మారుతోందా?

విడిభాగాలు రాణిగంజ్‌, పుత్లీబౌలి వంటి చోట్ల కొనేటప్పుడు ఇంజిన్‌ నంబరు వెంట ఉంచుకోవాలి. ఒకే పేరుతో ఉన్న ఇంజిన్లలోనూ తయారీ సంవత్సరాన్ని బట్టి భాగాలు మారతాయి. మార్చిన పాత భాగాలను అడిగి తీసుకోవడం యజమాని హక్కు. అరిగిన రాకర్‌నో, గీతలు పడిన బేరింగు షెల్లునో కళ్లారా చూస్తే రోగం నిజంగా కుదిరిందో లేదో తెలుస్తుంది. పాత భాగంలో ఏ లోపమూ కనిపించకపోతే అసలు కారణం ఇంకా ఇంజిన్‌లోనే ఉందని గ్రహించాలి.

ఆయిల్‌ చూడటం, దెబ్బలు లెక్కపెట్టడం, చలి-వేడి తేడా గమనించడం, బయటి పరికరాలను తప్పించడం, సిలిండర్లను ఒక్కొక్కటిగా మాన్పించడం, టాపెట్లు కొలవడం. ఈ వరుసలో ఏ మెట్టునూ దాటవేయకుండా చేయిస్తే అనుభవమున్న మెకానిక్‌కు ఒక పూట చాలు. ఇవన్నీ అయ్యాక కూడా శబ్దం అడుగు నుంచే వస్తోందని తేలితే, అప్పుడు ఇంజిన్‌ విప్పడానికి యజమాని ధైర్యంగా సరేననవచ్చు. అంతకు ముందు మాత్రం హెడ్డుపై పానా పెట్టనివ్వకూడదు.